కోస్తా చీర

మా అబ్బాయి అంబదాస్‌ది యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. కోస్తా చరిత్ర, సంస్కృతి చదువుతున్నాడు. మగ్గం నేసే సాలోళ్ల ఇంట్లో అంత చదువు! వాళ్ల క్లాసు కరీంనగర్‌లో ప్రదర్శన పెట్టిందని తెలిసి సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకే ఉరికాను.

గోడకు ఎర్రంచు చీర వేలాడుతోంది. చూడగానే పోల్చుకున్నాను. నేను నేస్తే ఎడమ అంచు ఎప్పుడూ కాస్త బిగుస్తుంది. దసరా సెలవుల్లో వాడు అడిగి తీసుకుపోయిన చీరే అది! నా జన్మ ధన్యమైంది.

"నా కొడుకా! బాపు నేసిన చీర నలుగురికి సూపెడ్తున్నవా!"

వాడి మొహం పాలిపోయింది. "మెల్లగ బాపూ! కోస్త చీర తెమ్మన్నరు. అంత దూరం పోలేక గిది వెట్టిన. సారుకు తెలిస్తే నన్ను ఎల్లగొడ్తరు."

అప్పుడు చీర కింది చీటీ చదివాను. వాడి దస్తూరీయే. "రేవు పట్నాల పాత నేత. ఇది నేసేవారు ఇప్పుడెవరూ బతికి లేరు."

ఇంతలో సారు వచ్చాడు. "ఏం పెద్దాయనా, మీరూ నేతవారేనా? ఇలాంటిది నేయగలరా?"

వాడు నా వైపు చూడలేదు.

"మాకేడొస్తది సారూ," అన్నాను. "గిది నేసినోడు సచ్చిపోయిండు గదా."