ఆరని నిప్పురాయి, పోని బూడిద

ఒక అడవిలో సింహం దగ్గర మంత్రిగా ఉన్న నక్క ఎక్కడినుంచో ఆరని నిప్పురాయి తెచ్చింది. దాన్ని గుహలో పెడితే చలికాలమంతా అడవికి వెచ్చదనం. ఎత్తి చూపిస్తే చాలు, పక్క అడవి పులులకు వణుకు. చిక్కల్లా అది రాల్చే బూడిదతోనే. తాకితే చర్మం ఊడుతుంది, వెయ్యేళ్లయినా ఆ విషం పోదు. ఆ బూడిదను చెరువుగట్టున పాతిపెట్టాలని నక్క తీర్మానించింది.

ఆ గట్టు మీదే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుని ఉంది. కబురు వినగానే అది గుడ్ల మీదినుంచి లేచింది. అరిచి అరిచి జంతువులన్నిటినీ అక్కడికి చేర్చింది.

నక్క నవ్వుకుంటూ వచ్చింది. "ఎందుకమ్మా ఈ గోల? గొయ్యి మీద మూడు బండలు మూత పెడతాం. ఇసుమంత ప్రమాదం లేదు."

"నిజంగానా మామా?"

"నా పిల్లల మీద ఒట్టు!"

"అయితే ఇంకేం!" అని తీతువు రెక్కలు దులుపుకుంది. "అంత మంచి గొయ్యి మామ ఇంటి పక్కనే ఉండాలి. పదండర్రా, ఆయనకి శ్రమ లేకుండా మనమే తవ్విపెడదాం!"

ఎలుగులు, పందులు, కుందేళ్లు బిలబిలమంటూ వెళ్లి నక్క వాకిట్లో మట్టి ఎగజిమ్మసాగాయి. పిల్లల మీద ఒట్టు వేసిన నక్క వాటిని ఆపలేక పక్కకు తప్పుకుంది. చప్పుడికి బయటికొచ్చిన నక్క పెళ్లాం సంగతి విని మొగుడి మీద విరుచుకుపడింది.

"బుద్ధుందా నీకు? పిల్లలున్న చోట ఎవరైనా పెడతారా దాన్ని?"

"నేనూ పొద్దుటినుంచీ అదే అరుస్తున్నాను అత్తా!" అంది తీతువు.

ఆ సాయంత్రమే నిప్పురాయి వచ్చిన దారినే వెళ్లిపోయింది. మర్నాడు గడగడలాడించే చలిలో కూడా, వాకిట్లో గొయ్యి పూడుస్తున్న మంత్రిగారికి ఒళ్లంతా చెమటలే.