ఎక్కడ నిలబడి తీశారో!

"ఏదో అయింది ఆమనీ! కాలు జారింది. నాకు తెలుస్తూనే ఉంది, కాలు జారింది."

కమలాంబ ఫోను పట్టుకుని మేడమెట్ల దగ్గర నిలబడి ఉంది. పైవాటాలో అద్దెకుండే ఆమని అప్పుడే స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి చెప్పులు విడుస్తోంది.

"ఎవరికి ఆంటీ?"

"మెట్టదారి వాళ్ళకి."

ఆమని ఊపిరి పీల్చుకుని నవ్వింది. మెట్టదారి అంటే యూట్యూబులో ఒక చిన్న ఛానెల్. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల తీసిన పొట్టి సినిమాలు అందులో వస్తుంటాయి. పేరున్న నటులుండరు, పాటలుండవు. చూసేవాళ్ళూ అంతంతమాత్రమే. కమలాంబ మాత్రం ఒక్కటీ వదలదు. చూసిన ప్రతి సినిమా మీదా తన అభిప్రాయం చెబుతుంది. ఆమని దాన్ని టైపు చేసి కామెంటు పెడుతుంది. కమలాంబకి చదవడం బాగానే వచ్చు గానీ, రాస్తే తప్పులు పోతాయని భయం.

ఆమెకి దేనికి భయం లేదు గనక!

వీరులపాడు దగ్గర తీసిన సినిమాలో ఒక ముసలామె పత్తి ఏరుతూ ఏరుతూ నడుం ఎత్తి ఆకాశం వైపు చూస్తుంది. అంతే కథ. ఆమనికి ఆవలింత వచ్చింది. కమలాంబ మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

"ఆ ముసలామె మొహంలో ఏముందో చూశావా? ఒక్క డైలాగు లేకుండా బతుకంతా చెప్పేసింది. అది కనబడేదాకా ఎండలో ఎంతసేపు కాచుకుని ఉన్నారో! మంచినీళ్ళయినా తాగారో లేదో."

రెడ్డిగూడెం మామిడితోటలో వాన చూపించినప్పుడు రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. "అబ్బ! ఆకు మీంచి చినుకు జారే చప్పుడు కూడా పట్టుకున్నారే!" అని, మరుక్షణమే, "చెట్టుకింద నిలబడి తీశారమ్మాయ్. పిడుగు పడితే?" అంది.

"అందరూ తెరమీద వాళ్ళ గురించి ఏడుస్తారు. మీరేంటి ఆంటీ, తీసినవాళ్ళ గురించి ఏడుస్తారు?" అని ఆటపట్టించేది ఆమని.

ఇవన్నీ ఆమని చేతిలో పడి, 'ఛాయాగ్రహణం అత్యద్భుతం. దర్శకుల సహనానికి అభినందనలు' అయ్యేవి. మిగతావాళ్ళ కామెంట్లకి 'థాంక్యూ అండీ' అని జవాబు వచ్చేది. వీళ్ళ దానికి ఎప్పుడూ రాలేదు.

"ఫోను అంకుల్ పేరు మీద ఉంది కదా. కామెంటు మీద ఉమాకాంతం అని పడుతోంది. ఎవరో రిటైరైన తెలుగు మాస్టారు వెంటపడ్డాడని జడుసుకుంటున్నారేమో ఆంటీ!"

కమలాంబ ఆ మాటకి నవ్వలేదు.

ఇప్పుడు కొత్త సినిమా పెట్టి చూపించింది. జగ్గయ్యపేట వైపు ఒక సున్నపురాయి క్వారీ. మేడంత ఎత్తు రాతిగోడ ముందు ఒక మనిషి చీమలా నడుస్తున్నాడు. పొద్దు వాలుతుంటే ఆ తెల్లరాయి మెల్లగా పసుపుముద్దలా మారిపోయింది.

"ఒళ్ళు జలదరించింది నాకు. అటు బస్సులో ఎన్నిసార్లు పోలేదు మనం? ఎప్పుడన్నా ఇట్లా కనబడిందా? మన దుమ్ములో ఇంత అందం ఉందని ఎవరికి తెలుసు? సరే, ఇప్పుడు చూడు."

బొమ్మ ఒక్కసారిగా ఊగింది. రాళ్ళు, ఆకాశం, తలకిందులుగా రెండు గడ్డిపరకలు. తర్వాత అంతా నలుపు.

"అది టెక్నిక్ ఆంటీ. కావాలనే అట్లా తీస్తారు."

"కావాలని తీస్తే ఊపిరి ఎగబీల్చిన చప్పుడు ఎందుకొచ్చింది? వినబళ్ళా నీకు? అంచున నిలబడి తీశారు. పడ్డారు."

ఆమని మళ్ళీ పెట్టి చూసింది. ఆమెకేమీ వినబడలేదు.

గేటు చప్పుడైంది. కమలాంబ ఫోను చప్పున కొంగు చాటుకి లాక్కుంది. ఉమాకాంతం లోపలికి వస్తూ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"మళ్ళీ సినిమాలేనా? ఆ మాట ఈ ఇంట్లో వినబడొద్దన్నానా లేదా?"

ఆయన లోపలికి వెళ్ళాక ఆమని గొంతు తగ్గించింది. "నేను టైపు చెయ్యనా?"

"వద్దు. ఈసారి నేనే రాస్తా."

మెట్టు మీద కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. ఆమని భుజం మీంచి తొంగి చూసింది.

'రాయి బలే చూపించారు. కెమెరా పట్టుకున్న వాళ్ళకి దెబ్బ తగిలిందా. సున్నపురాయి గీసుకుంటే చీము పడుద్ది. పసుపు పెట్టండి. తగిలిందా చెప్పండి'

"కాస్త దిద్దమంటారా?"

"వద్దులే. ఎట్లా ఉందో అట్లాగే పోనీ."

ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. ఈసారి ఎవరి కామెంటుకీ థాంక్యూలు లేవు. ఛానెల్ మొత్తం మూగబోయింది. ఆసుపత్రిలో ఉన్నారంది కమలాంబ. ఆసుపత్రికి తీసుకెళ్ళే దిక్కు కూడా లేదేమో అంది. పొయ్యి మీద కూర మాడ్చింది. పాలు పొంగబెట్టింది.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం బీపీ పెంచుకుంటారేంటి ఆంటీ? వాళ్ళకి మనం ఎవరం?" అని ఆమని విసుక్కుంది.

కమలాంబ తల తిప్పుకుంది.

ఆదివారం సాయంత్రం ఇద్దరూ మెట్ల మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఫోను టింగుమంది. కమలాంబ తీసి చూసి, దాన్ని ఆమని చేతిలో పెట్టింది.

"మెట్టదారే. నువ్వు చదువు తల్లీ. నాకు అక్షరాలు ఆనట్లా."

ఆమని ముందు తనలో తాను చదువుకుంది. లోపల ఉమాకాంతం టీవీలో వార్తలు చూస్తున్నాడు. ఆమె అటువైపు ఒకసారి చూసి, కమలాంబ పక్కకి జరిగి, చెవిలో చెప్పినట్టు చదివింది.

"తగల్లేదమ్మా, నాన్నకి నా మీద కోపం తగ్గిందా?"