కుంకుమ పెట్టిన పానాలు

నంద్యాల దాటి ఆళ్లగడ్డ దారి పట్టగానే పాత జీపు ఆగిపోయింది. హరీష్ బానెట్ ఎత్తాడు. బ్యాటరీ వైరు వదులై ఊగుతోంది.

“పదో నంబరు పానా ఇయ్యండి, నేను బిగిస్తా,” అంది భార్య సుకన్య.

ఈ జీపు కోసమే అతను ఏరికోరి కూర్చిన పానాల పెట్టె, వెనక సీట్లో కుంకుమ బొట్లతో దర్జాగా కూర్చునుంది.

“ఆయుధపూజలో పెట్టినవి. మసి అంటదా? మెకానిక్ రఫీకి ఫోన్ చేసినా, వస్తాండాడులే.”

“నేను చదివింది మెకానికల్ డిప్లొమానే కదా!”

“దానికేం తక్కువ చేసినా? ఫ్రేము కట్టించి హాల్లో పెట్టినా. వచ్చినోళ్లందరికీ చూపిస్తానే ఉండా.”

సుకన్య పెట్టె వంక చూసింది. దాని బొట్టూ తన బొట్టూ ఒకే భరిణెలోవి.

ఇంతలో రఫీ బండి మీద వచ్చి వైరు చూశాడు. “హడావుడిలో పదో నంబరు పానా మరిచొచ్చినా. నీ తాన ఉందా అన్నా?”

“ఉంది. నువ్వు తొందరగా పోయి నీది తెచ్చుకో.”

రఫీ నోరు తెరిచాడు. సుకన్య పెట్టె తెరిచింది. వైరు బిగించి, మసి చేతులతోనే స్టీరింగ్ ముందు కూర్చుని జీపు స్టార్ట్ చేసింది.

“అయ్యో, పానా తుడువు!” హరీష్ అరిచాడు.

“ఎక్కండి. ఇంటికి పోతానే ఆ ఫ్రేము ఊడదీసి నా డిప్లొమా బయటికి తీయాల.”