ఇద్దరి దగ్గరా ఉంటేనే

“లోకంలో అందరి పిల్లలూ కనబడుతున్నారు ఇందులో. మనవాడొక్కడే లేడేమే?”

ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని తల్లి మళ్ళీ అడిగింది. గుండె ఆపరేషనయిన దగ్గర్నుంచీ ఆవిడకు అదే పని. ఈమధ్యే వచ్చి అందరి ఫోన్లలోనూ చేరిన ఆ మెసేజీల యాప్‌లో, మన దగ్గర ఎవరి నంబరుంటే వాళ్ళ పేరు దానంతటదే పైకొస్తుంది. కొట్లాడి ఇల్లు వదిలిపోయిన కొడుకు పేరు మాత్రం రావడం లేదు.

“ఫోన్ చెయ్యొద్దని ఒట్టేయించుకుని మరీ పోయాడు వెధవ. చెయ్యనులే. పేరు కనబడితే చాలు. నాకేదో భయంగా ఉందే. ఆ యాప్ చేసింది మీ ఆఫీసేగా, లోపల చూసి చెప్పు.”

“ఎవరి దగ్గర ఎవరి నంబరుందో మిషనే చూసుకుంటుంది గానీ, మాకు కనబడదమ్మా. అలాగే కట్టాం.”

“తాళం చేసినవాడి దగ్గర చెవి ఉండదా? చెప్పొచ్చావులే!”

కూతురు ఆఫీసుకు బయల్దేరింది.

ఆరోజు మీటింగులో ఆమె ఒకటే పట్టు పట్టింది. అవతలివాళ్ళ నంబరు మన దగ్గర ఉంటే చాలదు. మన నంబరు కూడా వాళ్ళు దాచుకుని ఉంటేనే పేరు కనబడాలి.

“మనుషుల్ని కలపడానికి పెట్టుకున్న దుకాణమిది,” అన్నాడు మేనేజరు. “దాచిపెట్టడానికి కాదు.”

“దొరక్కూడదనుకునేవాళ్ళూ ఉంటారు కదా సార్.”

“ఎవర్నుంచి దాక్కుంటున్నావమ్మా నువ్వు?” పక్క కుర్చీలోని పెద్దాయన నవ్వాడు.

ఆమె నవ్వలేదు. సాయంత్రందాకా వాదించింది.

“నీది ఉడుంపట్టు తల్లీ. సరే, పెట్టేయ్,” అన్నాడు మేనేజరు చివరికి.

మార్పు అమల్లోకి వచ్చిన సాయంత్రం, కూతురు తల్లి పక్కన కూర్చుని, ఆ యాప్ పద్ధతే అదని విడమరిచి చెప్పింది.

తల్లి ఫోను ఒళ్ళో పెట్టేసుకుంది.

“అయితే వాడు నా నంబరు తీసేశాడన్నమాట.”

“కోపం కదమ్మా.”

“కన్నదాని మీద అంత కోపమా?” కొంగుతో కళ్ళొత్తుకుంది. “పోన్లే. నన్ను తిట్టుకుంటూనైనా ఎక్కడో ఓ చోట చల్లగా ఉన్నాడు. ఆకలేస్తోంది, ఏదైనా పెట్టు.”

తల్లి తిని పడుకున్నాక, కూతురు తన గదిలోకొచ్చి గడియ పెట్టుకుని బీరువా తెరిచింది.

తమ్ముడి బట్టలతోపాటు మార్చురీవాళ్ళు ఆమె చేతికిచ్చిన ఫోనులో ‘అమ్మ’ నంబరు ఇప్పటికీ అన్నిటికన్నా పైనే ఉంది.