మొదటి సెట్టు

"సచ్ చెప్పు సులోచనా, నిజం చెప్పు. కావాలనే ఓడిపోయావు కదా?"

మొదటి సెట్టు 6-1తో గెలిచిన రోహిణి తన కుర్చీ వైపు కూడా చూడకుండా నేరుగా సులోచన దగ్గరికి వెళ్ళి అడిగింది. 1996 అక్టోబరు. భిలాయ్‌లో మహిళల టెన్నిస్ ఫైనల్. ఇద్దరూ ఆ ఊరి పిల్లలే కావడంతో వాళ్ళ పేటలైన సెక్టర్ 2, మరోదాల జనం మెట్ల మీద కిక్కిరిసి కూర్చున్నారు.

నీళ్ళు తాగుతున్న సులోచన ఆగింది. "ఏటంటున్నావు?"

"నా సర్వీసు ఒక్కటి కూడా సరిగ్గా తిప్పి కొట్టలేదు. దేశంలో నాలుగో ర్యాంకు నీది. నీ జాలి నాకక్కర్లేదు. ఆడితే నిజంగా ఆడు, లేదంటే నేనే వెళ్ళిపోతాను."

సులోచన మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది. అంపైర్ "టైమ్" అనడంతో రాకెట్ అందుకుని లేచింది.

రోహిణి అనుమానం ఊరికే రాలేదు. రెండేళ్ళ కిందట ప్రాక్టీసు ముగించుకుని ఇద్దరూ స్కూటర్ మీద వస్తుంటే ఖుర్సీపార్ దగ్గర ఇసకలో బండి జారింది. నడుపుతున్న సులోచనకి గీత కూడా పడలేదు. వెనక కూర్చున్న రోహిణికి కుడి మణికట్టు నుజ్జయింది. డాక్టర్లు లోపల స్టీలు ప్లేటు వేసి, టెన్నిస్ మరిచిపొమ్మన్నారు. సులోచన రోజూ ఆసుపత్రికి వచ్చేది కానీ గుమ్మం దాటేది కాదు. ఆ తరవాత కూడా ఎక్కడ ఎదురుపడినా తల దించుకునే వెళ్ళిపోయేది.

రోహిణి టెన్నిస్ మరిచిపోలేదు. మణికట్టు మునుపటిలా తిరగదు కనక, బంతిని పక్కగా కోసి వదిలే సర్వీసు ఒకటి నేర్చుకుంది. అది నెమ్మదిగా వెళ్తుంది, నేలకి తగలగానే పక్కకి జారిపోతుంది, పైకి లేవదు. దానితోనే మళ్ళీ టోర్నమెంట్లలోకి వచ్చింది, ఒక్కో మెట్టూ ఎక్కి ఈ ఫైనల్‌కి చేరింది. అయినా ఆ సర్వీసంటే ఆమెకి లోలోపల చిన్నచూపే. అవిటి చేతి సర్వీసు అనుకునేది.

నాలుగో ర్యాంకు మనిషి అలాంటి బంతిని కొట్టలేకపోవడమేమిటి?

రెండో సెట్టులో ఆ సర్వీసు పూర్తిగా మానేసింది. పళ్ళు బిగించి, ఒకప్పటిలా బలంగా, సూటిగా కొట్టడం మొదలుపెట్టింది. సులోచన కూడా ఈసారి ఏమాత్రం కనికరించలేదు. 6-3తో ఆ సెట్టు సులోచనది. మూడో సెట్టులో రోహిణి మూడు మ్యాచ్ పాయింట్లు కాపాడుకుంది. నాలుగోది పోయింది. 7-5.

షిఫ్టు దిగి స్టీలు ప్లాంటు బట్టల్లోనే వచ్చిన తండ్రి బలరాం గబగబా మెట్లు దిగాడు. "సెయ్యి నొప్పెడతందేటమ్మా?"

"లేదు నాన్నా." రోహిణి నవ్వుతోంది. "ఇవాళ నా మీద ఎవరూ జాలిపడలేదు. నిజంగా ఆడి ఓడిపోయాను. వచ్చే వారం నాగపూర్ టోర్నమెంటుకి పేరు ఇచ్చేస్తాను."

బలరాం ఆమె తల నిమిరాడు.

కప్పు చంకలో పెట్టుకుని సులోచన వచ్చింది. రెండేళ్ళలో మొదటిసారి రోహిణి కళ్ళలోకి చూసింది.

"నీకు సారీ చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. నోరు రాలేదు."

"ఆ రెండు సెట్లూ నన్ను మనిషిగా చూసి ఆడావు. నాకది చాలు." రోహిణి ఆమె చెయ్యి పట్టుకుంది. "మొదటి సెట్టే ఎందుకు వదిలేశావో చెప్పు."

సులోచన తెల్లబోయింది.

"నేనేటీ వదల్లేదే. ఇంతమంది ముందు పరువు పోతోందని ఏడుపొచ్చింది. ఆ సర్వీసు నువ్వెందుకు మానేశావో గానీ, మానేశావు కాబట్టి బతికిపోయాను."