క్లాసయ్యాక చూద్దాం

మెట్ల మీద ఎవరో మనిషి కూలబడి ఉన్నాడు.

దుర్గాశ్రీ ఆగింది. పైన కృష్ణమూర్తి మాస్టారి స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు మొదలయ్యే వేళయింది. వచ్చేవారం కాకినాడలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఒక్క క్లాసు పోయినా ఆమెకు బెంగే.

యాభై దాటిన మనిషి. ఖాకీ చొక్కా. దగ్గరకు వెళితే గుప్పున మందు వాసన.

"ఏమైందండీ?"

ఆయన ఏదో అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. మూతి ఓ పక్కకు జారింది. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఆమెకు చూపించబోయాడు. అది మళ్ళీ ఒళ్ళో పడిపోయింది.

మెట్ల పక్కనే సరోజిని కిళ్ళీ కొట్టు.

"ఆడి జోలికెళ్ళకమ్మా! ప్రతి ఆదివారం చూత్తానే ఉంటాను. బ్రాందీ షాపుల చుట్టూరా తిరుగుతా ఉంటాడు. ఆంధ్రా నుంచొచ్చినోడే."

"చెయ్యి లేవట్లేదక్కా."

"తాగినోడికి చెయ్యీ లేవదు, కాలూ లేవదు. మత్తు దిగేక ఆడే ఎల్తాడు."

యానాంలో ఆదివారం పూట తూలుతున్న మనిషిని చూసి ఎవరూ కారణం అడగరు. చవక మందు కోసం వంతెన దాటి వచ్చేవాళ్ళను చూసీ చూసీ ఊరికి అలవాటైపోయింది.

దుర్గాశ్రీకి మాత్రం మనసు ఊరుకోలేదు. పైకి వెళ్ళి మాస్టారికి చెప్పింది.

"సార్, కింద ఒకాయనకి ఒంట్లో బాలేదండీ. అంబులెన్సుకి ఫోన్ చేద్దామా?"

"ఖాకీ చొక్కాయేనా? వస్తా వస్తా నేనూ చూశానమ్మా. వాసన కొట్టేస్తన్నాడు. కూర్చో, క్లాసయ్యాక చూద్దాం."

అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది. కూర్చున్నందుకు లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

మాస్టారు బోర్డు మీద పాఠం రాశారు. డెడ్‌లైన్. ఎలెవెన్త్ అవర్. పాయింట్ ఆఫ్ నో రిటర్న్. టూ లేట్.

"ఇంగ్లిషోడు గడియారం చూసుకుని బతుకుతాడర్రా. గండం దగ్గరపడే కొద్దీ దానికో పేరు పెట్టుకున్నాడు. మనమో? చేతులు కాలేక ఆకులు పట్టుకుంటాం."

పాఠం బాగా సాగింది. ఉదాహరణలు, నవ్వులు, చప్పట్లు. క్లాసు అయిపోతుందనగా సుదీప్ లేచాడు.

"గోల్డెన్ అవర్ అంటే ఏంటి సార్?"

"ఆయ్, మంచి మాట అడిగావు! యాక్సిడెంటో, పక్షవాతమో వచ్చిందనుకో. మొదటి గంటలో ఆస్పత్రికి చేరిస్తే మనిషి దక్కుతాడు. ఆ గంట బంగారంరా. ఏదీ, అందరూ అనండి."

"గోల్డెన్ అవర్!" క్లాసంతా అరిచింది.

జారిన మూతి, ఒళ్ళో పడిన చెయ్యి దుర్గాశ్రీ కళ్ళ ముందు నిలిచాయి.

"సార్, ఆయనకొచ్చింది అదేనండీ!"

అడక్కుండానే కిందికి పరుగెత్తింది. వెనకే మాస్టారు, వెనకే క్లాసంతా.

ఆయన గోడకు జారబడి ఉన్నాడు. మాట అసలు లేదు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది ఒక్కటే.

"ఎప్పుడు పడిపోయాడు?"

మాటలకు ఏనాడూ తడుముకోని మాస్టారు తల దించుకుని, "మా క్లాసుకి ముందే..." అన్నారు.

"ప్రాణభయం లేదు. మాట, కుడిచెయ్యి మాత్రం వస్తాయని చెప్పలేను. ముందే తేవాల్సింది కదండీ."

"తాగి పడిపోయాడనుకుని..."

"చుక్క కూడా తాగలేదు. ఆ వాసనంతా చొక్కాదే."

మాస్టారు బెంచీ మీద కూలబడ్డారు. "నాదే తప్పమ్మా. అప్పుడే నీ మాట వినాల్సింది."

"మీరు కూర్చోమంటే నేనూ కూర్చున్నాను కదండీ," అంది దుర్గాశ్రీ. తన మీద తనకే అసహ్యం వేసింది.

నర్సు తెచ్చిచ్చిన ఆ ఖాకీ చొక్కాయన ఫోను అంతలో మోగింది. దుర్గాశ్రీ ఎత్తింది. ఎవరో ఆడమనిషి.

"వెంకన్న బాబాయ్, ఎక్కడున్నావు?"

"ఆయన ఆస్పత్రిలో ఉన్నారండీ. పక్షవాతం వచ్చింది. మీరు ఆయన బంధువులా?"

అవతల గొంతు బావురుమంది.

"అయ్యో దేవుడా! బంధువులం కాదండీ... ఆదివారం వచ్చిందంటే మా ఊరి మగాళ్ళు యానాంలో తాగి ఎక్కడ పడున్నా వెతికి, భుజానేసుకుని, తన ఆటోలో ఇళ్ళకి చేర్చేది ఆ బాబాయేనండీ!"