పొట్టి చెట్టు

"ఏంది బిడ్డా, గిది జడకు పెట్టుకునే రబ్బరా?" జనగామ దవాఖానలో ఫిజియోథెరపిస్టు శ్వేత అందించిన ఎర్ర పట్టీని చూసి సారయ్య నవ్వాడు. "నలభై ఏండ్లు తాటిచెట్లు ఎక్కినోన్ని. ఇంకా నయం, గిలక్కాయ ఇయ్యలే!"

"మరి గసుంటి భుజం ఎట్ల పట్టుకపోయింది తాతా?"

భార్య గట్టమ్మ జవాబిచ్చింది. "కండ్ల ఆపరేషనై ఏడాది చెట్టెక్కలే. నెల రోజులు దండీలు తీసి, కండలొచ్చినయని ఒక్కసారే అన్నిట్ల పొడుగు చెట్టెక్కిండు."

"అరవై దాటినా కండ జల్దీనే వస్తది. దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ గట్టిపడాల్నంటే నెలలు పడ్తది. మూడు నెలలు గీ పట్టీ గుంజాలె."

"మూడు నెలలా! పిల్లలతోని గోటీలు గూడ ఆడాల్నా?"

గట్టమ్మకు ఒళ్లు మండింది. "కొడుక్కు చెట్టెక్కుడు నేర్పినప్పుడు ఏమన్నవ్? 'జబ్బల బలం ముందొస్తది, కీలు బలం ఎనుకొస్తది' అని ఏడాది పొట్టి చెట్లే ఎక్కించినవ్. పొడుగు చెట్టు ముట్టిండని ఎక్కే మోకుతోనే కొట్టినవ్!"

సారయ్య నవ్వు ఆగిపోయింది. కాసేపు భుజం తడుముకున్నాడు.

"ఇటియ్యి బిడ్డా" అని పట్టీ అందుకున్నాడు. "గిది పొట్టి చెట్టని ముందే చెప్తే అయిపోతుండె గద!"